చదివినదాన్ని ఎక్కడ పెట్టుకుందాం?

(చదువరుల సమావేశంలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. నిర్వాహకులు నన్ను మాట్లాడమన్నది రెండు విషయాల మీద. నేను రోజూ వాడే సాఫ్ట్‌వేర్ ఒకటి, ఈ మధ్య చదివినవి రెండోది. వీటికి పొంతన లేదులే, చెరో సగం మాట్లాడి దిగిపోవచ్చు అనుకొని ఒప్పుకున్నాను. తీరా సిద్ధమవుతుంటే తెలిసిందేమిటంటే, నా దగ్గరున్న సాఫ్ట్‌వేర్‌లో చాలా భాగం చదువు చుట్టూ తిరిగేదే. పుస్తకం తెరవడానికి ఒకటి, తర్వాత చదువుదామని వ్యాసాలను పక్కన పెట్టడానికి ఒకటి, నచ్చిన వాక్యాల కింద గీత గీయడానికి ఒకటి, ఆ గీతలన్నింటినీ ఒకచోట చేర్చడానికి మరొకటి. ఇంతమంది పనివాళ్ళ మధ్య చదివే పని మాత్రం ఇప్పటికీ నాదే. ఆ పని కూడా మేమే చేసిపెడతాం అంటూ ఇప్పుడు కొత్త పరికరాలు వస్తున్నాయి కాబట్టి, ఏ పని ఎవరికి అప్పగించాలి అన్న ఒక్క ప్రశ్న చుట్టూనే ఈ రోజు మాట్లాడతాను.

ఈ మధ్య తిరిగి చదివినవాటిలో ఒక పాత వ్యాసం ఉంది. వానెవర్ బుష్ 1945 జూలైలో ‘అట్లాంటిక్’ మాసపత్రికలో రాసిన ‘యాజ్ వీ మే థింక్’. కంప్యూటర్ల చరిత్ర ఎక్కడ చెప్పినా దీని పేరు వస్తుంది. అందుకే చదవకుండానే చదివేశామనుకునే రచనల్లో ఇదొకటి. బుష్ ఇంజనీరు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా తరఫున దాదాపు ఆరువేల మంది శాస్త్రవేత్తల పనిని సమన్వయం చేసిన మనిషి. యుద్ధం ముగింపుకు వస్తోంది. ఇంతమంది ఇకపై దేని మీద పనిచేయాలి అని ఆయన ప్రశ్న వేసుకున్నాడు. మనుషులు ఇప్పటికే రాసిపెట్టుకున్నది మనుషులకు అందేటట్టు చేయండి, అదే ఇప్పుడు అసలు పని అని జవాబిచ్చాడు. అందుకు ఆయన చూపిన ఉదాహరణ మెండెల్. వంశపారంపర్య లక్షణాల మీద మెండెల్ రాసిన వ్యాసం 1866లో అచ్చయింది. దాని విలువ గ్రహించగలవాళ్ళ దృష్టికి అది రాలేదు. 1900లో మళ్ళీ వెలుగులోకి వచ్చేదాకా ఒక తరం పాటు ఆ జ్ఞానం ఉండీ లేనట్టే అయింది.

దీనికి విరుగుడుగా బుష్ ఊహించిన యంత్రం పేరు మెమెక్స్. చూడటానికి మామూలు రాతబల్ల. పైన ఏటవాలుగా తెరలు, ఒక కీబోర్డు, కొన్ని మీటలు. లోపల మైక్రోఫిల్ము, అంటే పేజీలను బాగా చిన్నవి చేసి ఎక్కించిన ఫోటో ఫిల్ము. బ్రిటానికా విజ్ఞాన సర్వస్వం మొత్తాన్ని ఒక అగ్గిపెట్టెంత చోటులో ఇమడ్చవచ్చని లెక్క కట్టాడు. నుదుటి మీద అక్రోటు కాయంత కెమెరా తగిలించుకొని తిరిగే శాస్త్రవేత్త కూడా ఆ వ్యాసంలో కనిపిస్తాడు. ఇవన్నీ చదివి ‘అప్పుడే ఎంత ముందుచూపు’ అని ముక్కున వేలేసుకోవడం రివాజు. నాకు ఆ ఆనవాయితీ మీద పెద్ద ఆసక్తి లేదు. ఎవరి ఊహ ఎంత నిజమైంది అని మార్కులు వేయడం మొదలుపెడితే వ్యాసంలోని అసలు మాట దాటిపోతాం.

ఆ అసలు మాట చిన్నది. పరిణతి చెందిన ఆలోచనకు యంత్రం ప్రత్యామ్నాయం కాదంటాడు బుష్. కానీ కొత్తగా పుట్టే ఆలోచన వేరు, ఒకే తీరులో పదే పదే సాగే ఆలోచన వేరు. ఈ రెండోదానికి యంత్రాల సాయం ఇప్పటికే ఉంది, ఇంకా బలమైన సాయం రావచ్చు అంటాడు. మెమెక్స్‌లో ఆ రెండింటి మధ్య హద్దు ఎక్కడ పెట్టాడో చూడండి. ఆయన చెప్పే ఉదాహరణలో ఒక పాఠకుడు, క్రూసేడు యుద్ధాలలో ఇంగ్లీషువాళ్ళ పొడుగు విల్లు కన్నా టర్కీవాళ్ళ పొట్టి విల్లు ఎందుకు మెరుగ్గా పనిచేసింది అని ఆరా తీస్తాడు. విజ్ఞాన సర్వస్వంలో ఒక వ్యాసం దొరుకుతుంది. చరిత్ర పుస్తకంలో ఇంకో ముక్క దొరుకుతుంది. రెండింటినీ ముడివేస్తాడు. విల్లు కర్రకు సాగే గుణం ఎంత అన్న అనుమానం వచ్చి భౌతికశాస్త్రం వైపు మళ్ళుతాడు. మధ్యలో తన సొంత విశ్లేషణ ఒక పేజీ చేత్తో రాసి అందులో చేరుస్తాడు. ముడి ఎక్కడ వేయాలో తేల్చేది మనిషి, వేసిన ముడిని మరవకుండా దాచేది యంత్రం. చేత్తో రాసిన ఆ ఒక్క పేజీ లేకపోతే మిగిలినదంతా కాగితాల కుప్పే. ఈ వ్యాసం చదివి స్ఫూర్తి పొందినవాళ్ళలో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ ఒకడు. 1968 డిసెంబరు 9న ఆయన శాన్‌ఫ్రాన్సిస్కోలో మౌస్‌తో సహా తన కంప్యూటర్ వ్యవస్థను అందరి ముందూ నడిపి చూపించాడు. ఆ తర్వాతి కథ మీ జేబుల్లో ఉంది.

ఇంకొంచెం వెనక్కి వెళ్దాం, ఎందుకంటే ‘ఇంత సమాచారాన్ని ఎలా తట్టుకోవాలి’ అన్న గోల మన తరంతో మొదలు కాలేదు. అచ్చు యంత్రం వచ్చి వందేళ్ళు నిండకముందే స్విట్జర్లాండ్ పండితుడు కాన్రాడ్ గెస్నర్ పుస్తకాలు మరీ ఎక్కువైపోయాయని బెంగపెట్టుకున్నాడు. 1548లో ఆయన ఒక ఉపాయం అచ్చువేశాడు. చదివినప్పుడు పనికొచ్చేదాన్ని కాగితానికి ఒకవైపే రాయండి, చీటీలుగా కత్తిరించండి, విషయం వారీగా పేర్చండి, క్రమం కుదిరాక అతికించండి. కత్తిరించి అతికించడం అనే మాట మనం ఇప్పుడు మీటలు నొక్కుతూ అంటున్నాం, ఆయన కత్తెరతో చేశాడు. ఒక్కోసారి ఎత్తి రాసుకునే ఓపిక లేక అచ్చు పుస్తకంలోని పేజీలనే కత్తిరించేవాడు. అలా చేస్తే వెనక పేజీ పోతుంది కాబట్టి అదే పుస్తకం రెండో ప్రతి కొనాలి. పుస్తక ప్రేమికులు ఇక్కడ గుండె దిటవు చేసుకోవాలి.

తర్వాత 1686లో ఇంగ్లీషు తత్వవేత్త జాన్ లాక్ నోటుపుస్తకానికి సూచిక తయారుచేసే పద్ధతిని ఫ్రెంచిలో ప్రచురించాడు. ప్రతి విషయానికీ ఒక పేరు పెట్టడం, ఆ పేరులో మొదటి అక్షరం, దాని తర్వాత వచ్చే మొదటి అచ్చు, ఈ రెండింటిని బట్టి సూచికలో గడి ఎంచుకోవడం. మొత్తం వంద గళ్ళు, రెండు పేజీల్లో సరిపోతాయి. ఏ విషయానికి ఎన్ని పేజీలు పడతాయో ముందే ఊహించి ఖాళీలు వదలనక్కర్లేదు, వచ్చింది వచ్చినట్టు రాసుకుపోవచ్చు. ఇరవయ్యో శతాబ్దానికి వస్తే జర్మన్ సమాజ శాస్త్రవేత్త నిక్లాస్ లూమన్ దాదాపు 90,000 చీటీలు రాసి చెక్కపెట్టెల్లో పేర్చుకున్నాడు. ప్రతి చీటీకీ ఒక సంఖ్య, ఒక చీటీ నుంచి మరో చీటీకి దారి చూపే సంఖ్యలు. వాటిని బీలెఫెల్డ్ విశ్వవిద్యాలయం ఇప్పుడు డిజిటల్ రూపంలోకి తెస్తోంది. లూమన్ పేరు చెప్పి నోట్స్ యాప్‌లు అమ్మేవాళ్ళు మీకు తగిలే ఉంటారు. ఆయన చెక్కపెట్టెను పొగిడే వీడియోలు చూసే బదులు ఆ సమయంలో ఒక చీటీ రాసినా మేలని నా అభిప్రాయం.

గెస్నర్, లాక్, లూమన్ ముగ్గురికీ ఒక ఇబ్బంది ఉంది. దాచుకోవాలంటే చేయి నొప్పి పుట్టేలా రాయాలి. ఆ ఇబ్బంది వల్ల రెండు మేళ్ళు వాళ్ళకు తెలియకుండానే జరిగాయి. అన్నీ రాయలేం కాబట్టి ఏరుకోవాలి. ఏరినదాన్ని కూడా పూర్తిగా ఎత్తి రాయలేం కాబట్టి సొంత మాటల్లో కుదించాలి. దాచడం అనే పని లోపలే చదవడం కూడా జరిగిపోయేది. మన సాఫ్ట్‌వేర్ చేసిందేమిటంటే ఈ రెండింటినీ విడదీసింది. వేలితో ఒక తాకు, వ్యాసం మొత్తం దాచబడింది. ఏరడం లేదు, కుదించడం లేదు, అసలు చదవడమే లేదు. అయినా ఏదో పని పూర్తయిందన్న తృప్తి మాత్రం పూర్తిగా దక్కుతుంది. నా అనుమానం, మనం డబ్బు పెట్టి కొనేది ఆ తృప్తినే.

దీని మీద ప్రయోగాలు కూడా జరిగాయి. 2014లో లిండా హెంకెల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త కొంతమందిని మ్యూజియంలో తిప్పారు. కొన్ని వస్తువులను ఊరికే చూడమన్నారు, కొన్నింటిని ఫోటో తీయమన్నారు. మర్నాడు అడిగితే, ఫోటో తీసిన వస్తువులే తక్కువగా గుర్తున్నాయి. కెమెరా చూసుకుంటుందిలే అని బుర్ర ఊరుకుందన్నమాట. ఇంతవరకు చాలామంది చెబుతారు. నాకు నచ్చింది అదే పరిశోధనలోని రెండో సగం. వస్తువులో ఒక భాగాన్ని ఎంచుకొని, దాన్ని దగ్గరగా పెద్దది చేసి ఫోటో తీయమన్నప్పుడు ఆ నష్టం కనిపించలేదు. ఆ ఒక్క భాగమే కాదు, మిగతా వస్తువు కూడా గుర్తుంది. కెమెరా అదే, వేలు అదే. ఏ ముక్క తీయాలో ఎంచుకోవలసి రావడం ఒక్కటే తేడా.

అదే ఏడాది మ్యూలర్, ఓపెన్‌హైమర్ అనే ఇద్దరు పరిశోధకులు, ల్యాప్‌టాప్‌లో నోట్స్ రాసుకున్న విద్యార్థుల కన్నా చేత్తో రాసుకున్నవాళ్ళు భావాలకు సంబంధించిన ప్రశ్నలకు బాగా జవాబులు చెప్పారని ప్రకటించారు. పత్రికలన్నీ దాన్ని ఎత్తుకున్నాయి, కాగితం గెలిచిందని రాశాయి. తర్వాత ఇతరులు అదే ప్రయోగాన్ని మళ్ళీ చేసినప్పుడు తేడా అంత బలంగా రాలేదు. కాబట్టి పెన్నుకు ఏదో మహిమ ఉందని నేను చెప్పను. ల్యాప్‌టాప్ వాళ్ళు విన్నది విన్నట్టుగా టైపు చేసుకుంటూ పోవడం మాత్రం ఆ మొదటి పరిశోధనలో స్పష్టంగా కనిపించింది. చేయి వేగంగా నడిచినప్పుడు ఏరవలసిన అవసరం తగ్గుతుంది. పెన్నా, కీబోర్డా అన్న తగాదా కన్నా ఈ వేగం సంగతి నాకు ఆసక్తిగా ఉంటుంది.

ఇక ‘తర్వాత చదువుదాం’ జాబితాల సంగతి. పాకెట్ అనే సేవ గురించి మీలో చాలామందికి తెలుసు. 2007లో మొదలైంది, 2017లో ఫైర్‌ఫాక్స్ బ్రౌజరు తయారుచేసే మొజిల్లా కొన్నది, 2025 జూలై 8న మూతపడింది. మీ జాబితాను దింపుకోండి అని గడువిచ్చారు. మర్యాదగా మూసిన సేవల్లో అదొకటి, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ వాడుకరుల చేతికి వచ్చింది ముఖ్యంగా లింకుల జాబితా. లింకు అంటే వ్యాసం ఉన్న చోటుకు చిరునామా, వ్యాసం కాదు. అమెరికాలోని ప్యూ పరిశోధన సంస్థ 2024లో ఒక లెక్క చెప్పింది: 2013లో ఉన్న వెబ్ పేజీలలో 38 శాతం పదేళ్ళ తర్వాత దొరకలేదు. అంటే పదేళ్ళుగా శ్రద్ధగా దాచుకున్న జాబితాలో మూడో వంతుకు పైగా ఖాళీ చిరునామాలు ఉండే అవకాశం ఉంది. విచిత్రం ఏమిటంటే అలాంటి జాబితా పోయినప్పుడు చాలామందికి బాధ కన్నా ఊరట కలుగుతుంది. నాకు తెలిసిన ఒకరు ‘అప్పు మాఫీ అయినట్టుంది’ అన్నారు. (నవ్వులు) నవ్వకండి. ఆ మాటలో చదువు మనకు అప్పుగా ఎప్పుడు మారింది అన్న ప్రశ్న ఉంది.

కొన్న పుస్తకాల పరిస్థితి కూడా చెప్పాలి. మైక్రోసాఫ్ట్ 2019లో తన ఈ-పుస్తకాల దుకాణం మూసేసింది. కొన్నవాళ్ళకు డబ్బు తిరిగి ఇచ్చింది. కానీ పుస్తకాలు తెరుచుకోవడం ఆగిపోయింది, ఎందుకంటే వాటి తాళం అవతలి సర్వర్‌లో ఉంది. డబ్బు వాపసు వచ్చింది కదా అంటారు. పేజీ పక్కన రాసుకున్న మాటలకు ఏ ధర కడతారు? నిజానికి వాళ్ళు దానికీ కొంత పరిహారం ఇచ్చారు, 25 డాలర్లు! అంటే ఆ రాతలకు విలువ ఉందని దుకాణదారుకే అనిపించింది.

ఇక్కడ నాకెంతో ఇష్టమైన రెండు కథలు పక్కపక్కన పెడతాను. ఇంగ్లండులో 1086లో రాజు ఆజ్ఞతో భూముల సర్వే ఒకటి చేశారు, డూమ్స్‌డే బుక్ అంటారు. తోలు పత్రాల మీద రాసినది. దానికి 900 ఏళ్ళు నిండిన సందర్భంగా 1986లో బీబీసీ అలాంటి సర్వేనే కొత్తగా చేయించింది. పది లక్షల మందికి పైగా పాల్గొన్నారు. ఫోటోలు, పటాలు, మాటలు అన్నీ లేజర్ డిస్కుల్లోకి ఎక్కించారు. వాటిని చదవాలంటే ప్రత్యేకమైన డిస్క్ ప్లేయరు, దానికి తగిన కంప్యూటరు కావాలి. 2002 నాటికి ఆ యంత్రాలు దొరకడమే గగనమై, డిస్కుల్లోని సమాచారాన్ని కాపాడటానికి పరిశోధకులు పూనుకోవలసి వచ్చింది. తొమ్మిది వందల ఏళ్ళ నాటి తోలు పత్రాలు మాత్రం అప్పటికీ, ఇప్పటికీ చదవగలిగే స్థితిలో ఉన్నాయి.

ఇది విని ‘చూశారా, డిజిటల్ అంతా నీటి మీద రాతే’ అనకండి, రెండో కథ వినండి. 1971 జూలై 4న మైఖేల్ హార్ట్ అనే విద్యార్థి అమెరికా స్వాతంత్ర్య ప్రకటనను ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం కంప్యూటర్లో టైపు చేశాడు. అన్నీ పెద్దక్షరాలే, ఎందుకంటే ఆ యంత్రంలో చిన్నక్షరాలు లేవు. పుస్తకాలను డిజిటల్ రూపంలో ఉచితంగా అందించే ప్రాజెక్ట్ గూటెన్‌బెర్గ్ అలా మొదలైందే. బీబీసీ డిస్కుల కన్నా పదిహేనేళ్ళు పాతదైన ఆ రకం రాతను ఈ రోజు మీ ఫోను ఎలాంటి తంటా లేకుండా చూపిస్తుంది. కారణం, అది వట్టి అక్షరాలు. రంగు లేదు, తాళం లేదు, ఏ ఒక్క కంపెనీ సాఫ్ట్‌వేర్‌తోనూ లంకె లేదు. 1992లో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ కలిసి యూటీఎఫ్-8 అనే అక్షర సంకేత పద్ధతిని ఒక హోటల్లో బల్ల మీద పరిచే కాగితంపై గీసినప్పుడు, ఇంగ్లీషు అక్షరాలకు అంతకుముందున్న ఆస్కీ అనే సంకేత పద్ధతిలో రాసిన పాత ఫైళ్ళు ఒక్క మార్పు కూడా లేకుండా కొత్త పద్ధతిలోనూ చెల్లేలా చూసుకున్నారు. వెనకటివాళ్ళ రాత చెడకూడదన్న ఆ జాగ్రత్త నాకు చాలా గొప్పగా కనిపిస్తుంది.

తెలుగులో రాసుకునేవాళ్ళకు ఈ పాఠం ఇంకా గట్టిగా తగిలింది. అన్ని భాషల అక్షరాలకూ తలా ఒక సంఖ్య కేటాయించే యూనికోడ్ వాడుకలోకి రాకముందు, వచ్చాక కూడా చాలాకాలం, మన అచ్చు పని సొంత సంకేతాలున్న ఫాంట్లతో నడిచింది. తెర మీద తెలుగే కనిపిస్తుంది. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో తెరిస్తే అర్థంలేని లాటిన్ అక్షరాల గుంపు. వెతికితే దొరకదు, ఎందుకంటే అక్కడ ఉన్నవి తెలుగు అక్షరాలు కావు, తెలుగు ఆకారాలు. యూనికోడ్‌లో తెలుగుకు 128 స్థానాల గది ఉంది. ‘తెలుగు’ అని రాస్తే కంటికి మూడు అక్షరాలు, యూనికోడ్‌కు ఆరు సంకేతాలు, యూటీఎఫ్-8లో పద్దెనిమిది బైట్లు. చోటు కాస్త ఎక్కువే తింటుంది, తిననివ్వండి. ఏ యంత్రంలోనైనా తెలుగు తెలుగుగానే ఉంటుంది, వెతికితే దొరుకుతుంది. పాత ఫాంట్లలో చిక్కుకున్న రాతలు మీ దగ్గర ఏవైనా ఉంటే, మార్చే సాధనాలు అందుబాటులో ఉన్నప్పుడే మార్చుకోండి.

నేనేం వాడతానో చెప్పమన్నారు కాబట్టి చెబుతాను, చెప్పుకోదగ్గ ఆర్భాటమేమీ లేదు. ఒక ఫోల్డరు, అందులో సాదా టెక్స్ట్ ఫైళ్ళు. చదివిన ప్రతి పుస్తకానికి ఒక ఫైలు. పుస్తకంలోని వాక్యాలు ఎత్తి రాయడం తక్కువ, ఎత్తి రాస్తే పేజీ సంఖ్య తప్పనిసరి. దాని కింద నా మాటల్లో నేనేం అనుకున్నానో రాయాలి. రాయడానికి ఏమీ తోచకపోతే ఆ వాక్యం తీసేస్తాను. శీర్షికల కోసం, వాలు అక్షరాల కోసం మార్క్‌డౌన్ గుర్తులు వాడతాను. అది జాన్ గ్రూబర్ 2004లో తయారుచేసిన పద్ధతి, ఆ గుర్తులు అలాగే ఉన్నా చదవడానికి అడ్డుపడవు. ట్యాగులు పెట్టను. వర్గాలుగా విడగొట్టను. ఫోల్డర్ల లోపల ఫోల్డర్లు కట్టే సరదా ఉన్నవాళ్ళను చూస్తే నాకు ముచ్చటే కానీ అసూయ లేదు. వెతకడం యంత్రానికి బాగా వచ్చిన విద్య, దాన్ని చేయనిద్దాం. ఫోన్లో చదివేటప్పుడు తోచినవి నోటితో చెప్పి టైపు చేయిస్తాను, సాయంత్రం తీరికగా సవరిస్తాను. ఆ సవరణలో సగం కొట్టివేతే.

ఇప్పుడు అందరి మనసులో ఉన్న ప్రశ్నకు వస్తాను. పుస్తకం ఇస్తే కృత్రిమ మేధ సారాంశం చేసి ఇస్తోంది కదా, ఇంకా ఈ రాసుకోవడాలు ఎందుకు? నేను దాన్ని వాడతాను, వాడనని గొప్పలు పోను. స్కాన్ చేసిన పాత పేజీలను అక్షరాలుగా మార్చడానికి వాడతాను. ‘ఎక్కడో చదివాను, ఒక పండితుడు పుస్తకాన్ని కత్తెరతో కత్తిరించేవాడు’ అని మసకగా గుర్తున్నదాన్ని నా ఫైళ్ళలో వెతికించడానికి వాడతాను. ఒక పొడుగాటి నివేదిక చదవాలా వద్దా తేల్చుకోవడానికి సారాంశం అడుగుతాను. ఇవన్నీ బుష్ చెప్పిన రెండో రకం పనులు, పదే పదే ఒకే తీరుగా సాగేవి. చదివేశాను అనిపించుకోవడానికి మాత్రం సారాంశం అడగను. సారాంశంలో తప్పులు దొర్లవచ్చు అన్నది ఒక కారణం, అయితే అది చిన్న కారణం. అవి రేపు తగ్గవచ్చు. పెద్ద కారణం వేరే ఉంది. ఏది ముఖ్యం అన్నది పుస్తకంలో ఉండదు. విల్లు గురించి ఆరా తీసే మనిషికి ఆ విజ్ఞాన సర్వస్వం వ్యాసంలో ముఖ్యమైన ముక్క, ఇంకెవరికో అడుగున పడేసే ముక్క. నేనేం వెతుకుతున్నానో నాకే ఇంకా తెలియనప్పుడు, నా తరఫున ఏరిపెట్టమని దేన్ని అడగను? పుస్తకం సగంలో ఉండగా నా ప్రశ్న మారిపోవడం నాకెన్నోసార్లు అనుభవం. సారాంశం చదివినప్పుడు అలా ఒక్కసారీ మారలేదు.

పరికరం ఎంచుకునేటప్పుడు దాని కొలబద్దను కాస్త మార్చమని మాత్రం అడుగుతాను. ఎంత తేలికగా దాచుకోవచ్చు అని మనం చూస్తాం. బయటికి తీసుకోవడం ఎంత తేలిక, నేను చేయవలసిన పనిని నాకు వదిలేస్తుందా, ఈ రెండూ చూడండి. మొదటిది పరీక్షించడం సులువు. రెండోదానికి కొన్నాళ్ళు వాడి, మన దగ్గర చేరినదాన్ని ఒకసారి తెరిచి చూసుకోవాలి. అందులో మన మాటలు ఎన్ని, ఇతరుల మాటలు ఎన్ని? నేను మాట్లాడదలచింది ఇంతే. ప్రశ్నలుంటే అడగండి.

శ్రోత: నోట్స్ యాప్‌లలో మీరు ఒక్కదాని పేరు కూడా చెప్పలేదు. ఏది మంచిదండీ?

పేరు చెబితే వచ్చే ఏడాదికి ఈ ప్రసంగం పాతబడుతుందని చెప్పలేదు. మీకు నచ్చింది వాడండి. అయితే మొదటి వారంలోనే ఒక పని చేయండి. నాలుగైదు నోట్స్ రాసి, అన్నింటినీ బయటికి దింపి, ఆ యాప్ లేని వేరే కంప్యూటర్లో తెరవండి. తెరుచుకొని, చదవగలిగేలా ఉంటే ఉంచుకోండి. సెట్టింగుల్లో ఆ సదుపాయం ఎక్కడుందో వెతకడానికే అరగంట పట్టిందంటే, అది వాళ్ళు కావాలని దాచినదే అనుకోవచ్చు.

శ్రోత: మీరు పిల్లలకు కూడా చేత్తోనే ఎత్తి రాయమంటారా?

ఎత్తి రాయమనను. అది యంత్రం పని. చదివింది మూసేసి, గుర్తున్నది రాయమంటాను. ఎందులో రాసినా ఫరవాలేదు. ఆ తర్వాత తెరిచి పోల్చుకుంటే ఏం వదిలేశారో వాళ్ళకే తెలుస్తుంది. పెద్దలకూ ఇదే మందు.

శ్రోత: ఒకే ఫోల్డరులో అన్నీ పెట్టుకుంటానన్నారు. డిస్క్ పాడైతే?

మంచి ప్రశ్న. పీటర్ క్రోగ్ అనే ఫోటోగ్రాఫర్ వల్ల ప్రచారంలోకి వచ్చిన ఒక సూత్రం ఉంది. మూడు ప్రతులు, రెండు రకాల సాధనాల మీద, వాటిలో ఒకటి ఇంకో చోట. నేను దాన్నే పాటిస్తాను. దానికి తోడు అప్పుడప్పుడు ఆ నకళ్ళను తెరిచి చూస్తాను. అలా చూడకపోతే ఏమవుతుందో చెప్పడానికి 1998లో యానిమేషన్ సినిమాలు తీసే పిక్సార్ సంస్థలో జరిగింది చాలు. ‘టాయ్ స్టోరీ 2’ తయారవుతుండగా ఎవరో పొరపాటున ఇచ్చిన ఒక ఆదేశంతో ఆ సినిమా ఫైళ్ళు వరసగా చెరిగిపోయాయి. నకళ్ళు ఉన్నాయి కదా అని తీసి చూస్తే అవి కొంతకాలంగా సరిగా నమోదే కావడం లేదు. బిడ్డ పుట్టడంతో ఇంటి నుంచి పనిచేస్తున్న ఒక ఉద్యోగిని దగ్గర ఆ ఫైళ్ళ ప్రతి ఉందని గుర్తొచ్చింది. ఆ కంప్యూటరును దుప్పట్లలో చుట్టి, కారులో జాగ్రత్తగా ఆఫీసుకు తెచ్చుకున్నారు. అలా సినిమా బతికింది. ఇంతా చేసి, తర్వాత కథ తమకే నచ్చక, అందులో చాలా భాగాన్ని పక్కన పడేసి కొత్తగా చేసుకున్నారు.